సెలవుల తర్వాత తొలి సోమవారం

2024 జనవరి 8, సోమవారం

సెలవులు అయిపోయాయి, మళ్లీ ఆఫీసు. కొత్త ఏడాది వచ్చి వారం దాటాక కనపడినవాళ్లకు ఇంకా హ్యాపీ న్యూ ఇయర్ చెప్పాలా, వద్దా అన్నది లిఫ్టులో అందరికీ ఉన్న మొహమాటమే. ఎవరో ఒకరు తెగించి చెప్పేస్తారు, మిగతావాళ్లు హమ్మయ్య అనుకుని అందుకుంటారు.

మెయిల్స్ కింది నుంచి పైకి చదువుకుంటూ వచ్చాను. డిసెంబరు చివర్లో ‘అర్జెంట్’ అని ఒకటి. రెండు రోజులకి ‘ఏమైంది?’ అని ఇంకోటి. ఆ తర్వాత ‘అయిపోయింది, వదిలేయండి’. నేను లేకుండానే మొదలై, ముగిసిన కథలు ఇలాంటివి చాలానే ఉన్నాయి. కాస్త చిన్నతనంగా అనిపించినా, ప్రాణానికి హాయిగానే ఉంది.

తర్వాత సెలవుల్లో డ్యూటీ చేసినవాళ్లు నింపిన షీట్ తెరిచాను. జనవరి 1 పేజీలో గంటకో లైను: ‘అంతా నార్మల్’, ‘అంతా నార్మల్’. మధ్యలో ఒకచోట ‘సర్వర్ స్లోగా ఉంది, రీస్టార్ట్ చేశాను’. మళ్లీ ‘అంతా నార్మల్’. నేను దుప్పటి ముసుగు తీయని పొద్దుటి పూట ఒక మనిషి ఖాళీ ఆఫీసులో కూర్చుని ఇది రాసుకుంటూ పోయాడు.

ఆ పేజీ చూస్తుంటే ఈ వారం వార్తలన్నీ వరసగా గుర్తొచ్చాయి. అదే రోజు ఉదయం 9.10కి శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ58 రాకెట్ ఎక్స్‌పోశాట్ ఉపగ్రహాన్ని తీసుకుని లేచింది. దాని కౌంట్‌డౌన్ చూసుకునేవాళ్లకి డిసెంబరు 31 రాత్రి ఎలా గడిచి ఉంటుందో ఊహించుకోవచ్చు. మన గడియారంలో మధ్యాహ్నం 12.40కి జపాన్‌లోని నోటో ద్వీపకల్పంలో 7.6 తీవ్రతతో భూకంపం. వాళ్లకి కూడా జనవరి 1 పెద్ద పండగే. మా షీట్‌లో ఆ గంటకి ఎదురుగానూ ‘అంతా నార్మల్’ అనే ఉంది.

నన్ను వదలనిది మాత్రం మర్నాటి వార్త. టోక్యో హనేడా విమానాశ్రయంలో దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం, రన్‌వే మీద ఉన్న కోస్ట్‌గార్డ్ విమానాన్ని ఢీకొంది. భూకంప బాధితులకి సాయం తీసుకెళ్లాల్సిన విమానం అది. అందులో ఉన్న ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు. పెద్ద విమానంలో 379 మంది ఉన్నారు. బయట మంటలు, లోపల పొగ, అనౌన్స్‌మెంట్ మైకు పనిచేయలేదు, ఎనిమిది తలుపుల్లో మూడే వాడుకోగలిగారు. అయినా అందరూ బతికి బయటపడ్డారు.

ఆ వీడియోలు చూసినవాళ్లంతా అద్భుతం అంటున్నారు. నాకెందుకో ఆ మాట నచ్చలేదు. ఆ సిబ్బంది ఏటా చేసిన డ్రిల్లే మళ్లీ చేస్తారు. అదే కేక, అదే తలుపు, అదే జారుడు పట్టా. విసుగు పుట్టని మనిషి ఉండడు. పైగా 1985లో 520 మందిని బలిగొన్న ప్రమాదం తాలూకు శకలాలని ఆ సంస్థ పారేయకుండా దాచి, తన ఉద్యోగులకి చూపిస్తుంది. ఇన్నేళ్లుగా తు.చ. తప్పకుండా చేస్తూ వచ్చిన పనిని ఒక్క సాయంత్రం చూసి అద్భుతం అనేస్తే ఎలా?

శుక్రవారం అమెరికాలో దీనికి పూర్తిగా రివర్స్. అలాస్కా ఎయిర్‌లైన్స్ వాళ్ల బోయింగ్ 737 మ్యాక్స్ 9 సుమారు 16 వేల అడుగుల ఎత్తులో ఉండగా, పక్క గోడలో తలుపు ఉండాల్సిన చోటుని మూసే పలక ఊడిపోయింది. దాన్ని ఆనుకుని ఉన్న రెండు సీట్లూ ఖాళీగా ఉండటం అదృష్టం, అంతకంటే చెప్పడానికేం లేదు. అంత ఎత్తు నుంచి పడిన ఒక ఫోను రోడ్డు పక్కన దొరికితే ఇంకా పనిచేస్తోందట! నాది మంచం మీంచి పడితేనే స్క్రీన్ పగిలింది.

లంచ్‌లో కూడా ఆ హనేడా విమానం చర్చే. సామాను వదిలేసి దిగమంటే మనం దిగుతామా? లాప్‌టాప్ ఆఫీసుది కాబట్టి వదిలేస్తానన్నాడు ఒకడు. సర్టిఫికెట్లుంటే మాత్రం కష్టమేనంది ఇంకొకామె. పాస్‌పోర్టు సంగతేంటి, మందుల సంచీ సంగతేంటి, హ్యాండ్‌బ్యాగ్ సామాను కిందికొస్తుందా రాదా... 379 మంది ఏ వాదనా లేకుండా తేల్చేసిన విషయం మా నలుగురికీ అన్నం తినేంతసేపట్లోనూ తేలలేదు. జపాన్ వాళ్ల క్రమశిక్షణ గురించి అందరికంటే ఎక్కువ చెప్పింది మా సీనియర్ ఒకాయన.

సాయంత్రం హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది, వచ్చేవారం ఫైర్ డ్రిల్ అని. సీనియర్‌గారు చదివి, ఆ రోజు వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టేశారు.