గుర్తుపట్టిన ముఖం

పోయిన నెల అమ్మ అనంతపురం నుంచి బెంగళూరులోని మా ఇంటికి వచ్చింది. ఇక్కడ ఆమెకు పొద్దుపోదు కనుక, సాయంత్రం ఏడున్నర కాగానే చేటలో కందిపప్పు పోసుకుని, రాళ్ళు ఏరుకుంటూ టీవీ ముందు కూర్చుంటుంది. ఒకరోజు సీరియల్ మధ్యలో, ఒక నటి ఎన్నికల్లో నిలబడుతోందన్న వార్త తెర కింద పాకుతూ పోతే చదివి, "సీరియల్ చేసుకుని సుఖంగా ఉండక ఈయమ్మకు ఓట్లెందుకు?" అంది. వెక్కిరింపుగా అన్న మాట కాదు, నిజంగానే అడిగింది. జవాబుగా ఆ రాత్రి నేను బ్రెజిల్ టీవీ నటి బెచీ మెండెస్ గురించి చెప్పాను. చాలా ఏళ్ళుగా నా మనసులో ఉన్న మనిషి ఆమె. అమ్మకు చెప్పినదాన్నే మరికొంత వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

బెచీ మెండెస్ 1949లో సావో పాలో రాష్ట్రంలోని రేవు పట్టణం సాంతోస్‌లో పుట్టారు. 1968 నవంబరులో టీవీ తుపి అనే ఛానెల్‌లో మొదలైన 'బెతో రాక్‌ఫెలర్' ధారావాహికలో నటించేనాటికి ఆమెకు ఇంకా ఇరవై నిండలేదు. అంతకుముందు బ్రెజిల్ ధారావాహికల్లో పాత్రలు నాటకఫక్కీలో గంభీరంగా మాట్లాడేవి. సావో పాలో వీధుల్లో జనం ఎలా మాట్లాడుకుంటారో తెరమీద కూడా అలాగే మాట్లాడించి, ఈ ధారావాహిక ఆ దేశపు టీవీ దారినే మార్చింది. అది మొదలైన అయిదారు వారాలకే, డిసెంబరు 13న, అప్పుడు దేశాన్ని ఏలుతున్న సైనిక ప్రభుత్వం అయిదవ సంస్థాగత శాసనం తెచ్చి, పార్లమెంటును మూసివేసి, రాజకీయ ఖైదీలకు హెబియస్ కార్పస్ హక్కు, అంటే తమ నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నించే హక్కు, లేకుండా చేసింది. జనం సాయంత్రాలు ఇష్టంగా చూస్తున్న ఆ అమ్మాయి, పగలు విద్యార్థి ఉద్యమంలో తిరుగుతూ, కొంతకాలానికి వార్-పల్మారెస్ అనే రహస్య సాయుధ సంస్థలో చేరారు. అక్కడ ఆమె మారుపేరు రోజా. తర్వాతి కాలంలో దేశాధ్యక్షురాలైన దిల్మా రూసెఫ్ కూడా ఆ సంస్థలో పనిచేసినవారే. సాయుధ పోరాటం సరైన దారి అని నేను అనడం లేదు. కానీ నోరు విప్పే దారులన్నీ ఒక్కొక్కటిగా మూసుకుపోయిన కాలంలో ఇరవై ఏళ్ళ పిల్లలు ఎటు వెళ్ళారన్నది, ఆ దారులు మూసినవారిని వదిలిపెట్టి అడగవలసిన ప్రశ్న కాదు.

1970లో ఆమెను రెండుసార్లు అరెస్టు చేశారు. సావో పాలోలోని తుతోయా వీధిలో ఉన్న సైనిక విచారణ కేంద్రంలో చిత్రహింసలు పెట్టారు. ఆ కేంద్రానికి 1970 నుంచి 1974 వరకు అధిపతిగా ఉన్నవాడు కార్లోస్ అల్బెర్తో బ్రిల్యాంచి ఉస్త్రా. ఈ పేరు మళ్ళీ వస్తుంది.

బయటికి వచ్చాక ఆమె మళ్ళీ నటనకే వెళ్ళారు. 1981లో లియోన్ హిర్జ్‌మన్ తీసిన 'ఎలెస్ నావో ఉజామ్ బ్లాక్-టై' అనే సినిమాలో మరియా పాత్ర వేశారు. అది ఫ్యాక్టరీ సమ్మె కథ. ప్రియుడు సమ్మెను కాదని పనిలోకి వెళితే, కడుపుతో ఉన్న మరియా సమ్మె చేస్తున్నవారి వైపు నిలబడి, పోలీసుల చేతిలో దెబ్బలు తింటుంది. వెనిస్ చిత్రోత్సవంలో ఆ సినిమాకు జ్యూరీ ప్రత్యేక బహుమతి వచ్చింది. అందులో ఆమె లేని ఒక దృశ్యాన్ని కూడా అమ్మకు చెప్పకుండా ఉండలేకపోయాను. స్నేహితుణ్ణి పోలీసులు కాల్చి చంపాక, ముసలి దంపతులిద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, నల్ల చిక్కుడు గింజల్లోంచి చెడ్డవాటిని ఏరుతుంటారు. మాటలుండవు. గింజలు గిన్నెలో పడే చప్పుడు మాత్రం వినిపిస్తుంది. అమ్మ తన చేటలోకి చూసుకుని ఏమీ అనలేదు.

1980లో కార్మిక నాయకుడు లూలా ముందు నిలిచి నడిపించిన కార్మికుల పార్టీ పుట్టినప్పుడు దాని వ్యవస్థాపకుల్లో ఆమె కూడా ఉన్నారు. 1982 నవంబరు ఎన్నికల్లో సావో పాలో నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యారు. అదే సంవత్సరం మార్చిలో మన ఎన్టీ రామారావు తెలుగుదేశం పార్టీ పెట్టారని చెబితే అమ్మకు కాలం వెంటనే అర్థమైంది. అయితే ఈ పోలిక కాలం వరకే సరిపోతుంది. ఆమెది తొలి ఎన్నికల్లో దేశమంతటా ఎనిమిది పార్లమెంటు స్థానాలే గెలిచిన చిన్న పార్టీ.

ఆ పార్టీలోనూ ఆమె ఎక్కువకాలం నిలవలేదు. 1985 జనవరిలో సైనిక పాలన ముగింపుకొచ్చి, కొత్త అధ్యక్షుణ్ణి ప్రజలు కాకుండా ఒక ఎన్నికల మండలి ఎన్నుకోవలసి వచ్చినప్పుడు, ప్రత్యక్ష ఎన్నిక కాదు కనుక బహిష్కరించాలని పార్టీ తీర్మానించింది. ఆమె, మరో ఇద్దరు సభ్యులు ఆ మాట కాదని, ప్రతిపక్ష అభ్యర్థి తాంక్రేదో నేవెస్‌కు ఓటు వేసి పార్టీకి దూరమయ్యారు. పార్టీ వాదంలో నీతి ఉంది, కాదనను. అయినా తుతోయా వీధిని చూసి వచ్చిన మనిషి, సైన్యాన్ని గద్దె దించే ఓటును చేతిలో పెట్టుకుని ఇంట్లో కూర్చోవాలనడం నాకు న్యాయంగా తోచదు. నేవెస్ పదవి చేపట్టకముందే జబ్బుపడి మరణించడంతో ఉపాధ్యక్షుడు జొజే సార్నే అధ్యక్షుడయ్యారు.

ఆ ఆగస్టులో సార్నే ఉరుగ్వే పర్యటనకు వెళుతూ వెంట తీసుకువెళ్ళిన బృందంలో బెచీ మెండెస్ ఉన్నారు. మోంతెవిదెయోలోని బ్రెజిల్ రాయబార కార్యాలయంలో అప్పటి సైనిక ప్రతినిధి ఉస్త్రా. అతిథులను ఆదరించవలసిన అధికారుల్లో అతడూ ఒకడు. దేశమంతా గుర్తుపట్టే ముఖం ఆమెది. ఆ రోజు ఆమె గుర్తుపట్టిన ముఖం అతడిది. తిరిగి వచ్చాక అధ్యక్షుడికి రాసిన ఉత్తరంలో, తనను హింసించినవాడు ఇతడేనని స్వానుభవంతో చెబుతున్నానని పేరుపెట్టి రాశారు. అధికార మర్యాదల కోసం ప్రశాంతంగా కనిపించడం తనకు ఎంత కష్టమైందో ఊహించుకొమ్మన్నారు. చేసినదంతా ఆజ్ఞలు పాటించడమేనని అతడు పదేపదే సమర్థించుకుంటుంటే వినవలసి రావడం, గుర్తుపట్టడం కంటే ఘోరమైందన్నారు. అతణ్ణి ఆ పదవి నుంచి తొలగించాలని కోరారు.

సైనిక మంత్రి ఉస్త్రాకు అండగా నిలిచారు. 1979 నాటి క్షమాభిక్ష చట్టం ఖైదీలను విడిపించినట్టే, వాళ్ళను హింసించినవారికీ రక్షణ కల్పించింది. అతడు ఒక్కరోజు కూడా జైలు చూడలేదు. మరొక కుటుంబం వేసిన దావాలో 2008లో సావో పాలో న్యాయస్థానం అతడు హింసకుడేనని ప్రకటించింది. 2015లో అతడు మరణించాడు. మరుసటి ఏడాది దిల్మా రూసెఫ్ అభిశంసన రోజున, అప్పటి పార్లమెంటు సభ్యుడు, తర్వాత దేశాధ్యక్షుడైన జైర్ బోల్సొనారో తన ఓటును అతడి స్మృతికి అంకితం చేశాడు. ఆ మధ్యకాలంలో బెచీ మెండెస్ మరో పార్టీ తరఫున మళ్ళీ ఎన్నికై, సావో పాలో రాష్ట్ర సంస్కృతి శాఖ కార్యదర్శిగా పనిచేసి, తిరిగి టీవీకి వచ్చారు. భూమిలేని రైతుల పోరాటం కథలో కలిసిన 1996 నాటి 'ఓ రేయ్ దో గాదో'లో కూడా నటించారు.

కథ అయ్యాక అమ్మ, "మన దగ్గర ఇట్లాంటివాళ్ళు లేరా?" అని అడిగింది. ఆదివారం ఆమెను శేషాద్రి రోడ్డులోని ఫ్రీడమ్ పార్కుకు తీసుకువెళ్ళాను. ఒకప్పుడు అది బెంగళూరు సెంట్రల్ జైలు. కన్నడ చిత్రం 'సంస్కార'లో చంద్రిగా నటించిన స్నేహలతా రెడ్డిని ఎమర్జెన్సీలో, 1976లో, అక్కడే బంధించారు. ఆమె మన తెలుగు కవి పఠాభి భార్య. ఉబ్బసంతో దాదాపు ఎనిమిది నెలలు ఆ గోడల మధ్య ఉండి, 1977 జనవరిలో పెరోల్ మీద విడుదలైన కొద్ది రోజులకే చనిపోయారు.

పాత బ్యారక్ పక్కన నీడలో అమ్మ చాలాసేపు నిలబడింది. గోడను చేత్తో తాకి చూసింది. తర్వాత, "ఆ బ్రెజిల్ అమ్మాయి ఏ సంవత్సరంలో పుట్టిందన్నావు?" అని అడిగింది. నలభై తొమ్మిది అన్నాను.

"అయితే నాకంటే ఆరేళ్ళు పెద్ద," అంది.