చేప కంటి అంచు దొరికింది (నా అనుభవం)

నిన్న పొద్దున చిరగని రెటీనా (కంటి లోపల వెలుగుని పట్టే పొర) చూశాను. ఆరు వారాల పని.

నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు జీబ్రాఫిష్ మీద. మనకి పుట్టాక రెటీనాలో కొత్త నాడీకణాలు రావు. చేపకి మాత్రం బతికినన్నాళ్లూ కన్ను పెరుగుతూనే ఉంటుంది. ఐరిస్‌ని (కంటిపాప చుట్టూ ఉండే రంగు భాగం) ఆనుకుని రెటీనా చివర ఒక సన్నటి వలయం ఉంటుంది, అక్కడి మూలకణాలు చెట్టు మానులో వలయాల్లా కొత్త కణాలను చేరుస్తుంటాయి. ఆ వలయాన్ని స్లైడు మీద చూపించాలి.

అనుమతి కాగితాలు, చేపలు, ఫిక్సింగ్ (కన్ను పాడవకుండా రసాయనంలో ఉంచడం), మైనంలో పొదగడం అన్నీ వారంలో అయిపోయాయి. మైనం దిమ్మని పలచటి ముక్కలుగా కోసే మైక్రోటోమ్ దగ్గరే నా ప్రాణం పోయింది. కోసిన ప్రతి ముక్కా పీలికలే. గైడ్ సార్ జూనియర్ల ముందు స్లైడు ఎత్తి పట్టుకుని, "ఇది రెటీనానా, గోంగూర పచ్చడా?" అన్నారు. ఆ రాత్రి అన్నం తినలేదు. విద్యార్థి పక్కన ఒక్క గంట కూర్చుంటే తప్పు ఎక్కడుందో ఆయనకే తెలిసేది!

చెప్పింది మా ల్యాబ్ అటెండర్ బాబాయ్. "కంట్లో గోళీ ఉంచేసి కోస్తే ఎలాగమ్మా?" అన్నాడు. ఫిక్స్ అయ్యాక కంట్లోని ఆవగింజంత కటకం (లెన్స్) గాజులా గట్టిపడుతుంది. బ్లేడు దానికి తగలగానే చుట్టూ ఉన్న రెటీనాని చీల్చేస్తుంది. తీసేద్దామంటే, నాకు కావలసిన అంచు దాని పక్కనే ఉంది. మొదటి ఎనిమిది కళ్లలో కటకంతో పాటు అంచు కూడా ఊడొచ్చింది. కింద వైపు కటకాన్ని పట్టుకుని ఒక చిన్న కండరం ఉంటుంది, ముందు కార్నియాలో (కంటి ముందున్న పారదర్శక పొర) సూదితో గాటు పెట్టి దాన్ని తెంపాలి. తర్వాత కటకాన్ని ఆ గాటులోంచి పక్కకి లాగితే వస్తుంది. ఇది ఎవరూ చెప్పరు, రాసిపెట్టుకోండి.

పైగా బెజవాడ మే నెల. మైనం మెత్తబడి, కోసిన ముక్కల రిబ్బన్లు బ్లేడుకే అతుక్కునేవి. ఏసీ బాగుచేయమని అర్జీ పెడితే ఆఫీసులో ఒక సీటు నుంచి ఇంకో సీటుకి తిప్పారు. ఆఫీసుని నమ్ముకోకండి. నేను ఐదింటికే వచ్చి మైనం దిమ్మ మీద ఐసు ముక్క పెట్టి కోశాను.

నిన్నటి స్లైడులో మధ్యన పొరలు విడివిడిగా ఉన్నాయి. అంచుకి వచ్చేసరికి అన్నీ కలిసిపోయి, చివర ముదురు ఊదా రంగు కణాలు కిక్కిరిసి ఉన్నాయి. వాటిలో ఒకటి సరిగ్గా విభజన మధ్యలో ఉంది, క్రోమోజోములు వరసగా నిలబడి!

రేపు ఆ స్లైడు సార్ ముందు పెడతాను. జూనియర్లు ఉన్నప్పుడే.