చెరువు గట్టుకి బొరియ పడితే ఆఫీసుల్లో నేను పడ్డ పాట్లు

బొబ్బిలి దగ్గర మా ఊరి చెరువు జమీందారీ కాలం నాటిది. గట్టు బొరియ పూడ్చే పని నిన్ననే అయ్యింది. ఒళ్ళు మండుతుండగానే రాసేస్తున్నాను.

సంక్రాంతి ముందు మదుము (నీరు వదిలే తూము) పక్కన, గట్టు వెనక అడుగున ఊట కనిపెట్టింది నేనే. మట్టి గట్టన్నాక ఊట ఉంటుంది. తేటగా వస్తే అంత భయం లేదు. ఇది ఎర్రగా వస్తోంది, అంటే లోపల మట్టి కోసుకుపోతోంది. ఫోటోలు, అర్జీ ఒక్క పూటలో అయిపోయాయి.

అసలు నరకం ఆఫీసుల్లోనే. వంద ఎకరాల లోపు ఆయకట్టయితే పంచాయతీది, దాటితే ఇరిగేషన్‌ది అంటూ ఒకళ్ళ మీదికి ఒకళ్ళు తోశారు. చివరికి ఒకాయన వచ్చాడు, నడి వేసవిలో! నీరు బొరియ కంటే కిందికి దిగిపోయింది. 'ఊట లేదు' అని రాసుకుపోయాడు. సాయంత్రానికి 'మీ సమస్య పరిష్కరించబడింది' అని ఫోన్‌కి మెసేజ్.

వానలకి ఊట మళ్ళీ మొదలైంది. ఆ నీళ్ళు సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే అడుగున వేలి మందం ఒండ్రు పేరుకుంది. అది ఆఫీసులో అధికారి టేబుల్ మీద పెడితే, "ముందు అది తియ్యవయ్యా, ఫైళ్ళు తడుస్తాయి" అన్నాడు అందరి ముందూ. ఆయన తండ్రి వయసు నాది. గట్టు దిగువనే మా ఊరి బడి ఉంది. ఫైలు తడిస్తే ఆరబెట్టుకోవచ్చు, గట్టు తెగితే ఏం చేస్తారు?

నీటి సంఘం వాళ్ళు, ఊరి ఆడవాళ్ళు కదిలి వచ్చాకే ఒక కుర్ర ఇంజనీరుని పంపారు. ఆయన పని తెలిసినవాడు. మదుము ఎత్తించి నీరు దించాడు. ఊట చోట ఇసుక, దానిపై చిన్న కంకర, ఆపైన రాళ్ళు వేయించాడు. నీరు వస్తుంది, మట్టి రాదు. చెరువు వైపు తవ్వితే మోచేతి దాకా చెయ్యి దూరే పందికొక్కు బొరియ! బంకమట్టి పొరలుగా వేసి దిమ్మిస కొట్టించాడు. మావాళ్ళు ముందు బయటి నుంచే మట్టి కుక్కేద్దామన్నారు, నేనే పడనివ్వలేదు. అలా మూస్తే నీరు ఇంకో దారి చూసుకుంటుంది.

వేసవి తనిఖీ కాగితం మీద సంతకం మాత్రం పెట్టకండి. 2021 డ్యామ్ సేఫ్టీ చట్టం పెద్ద డ్యాములకి వానలకు ముందూ తర్వాతా తనిఖీ తప్పనిసరి చేసింది. పది మీటర్ల లోపు గట్లు అందులోకి రావు, మనమే నడిచి చూసుకోవాలి. హుద్‌హుద్, తిత్లీ తుఫాన్లు రెండూ అక్టోబరులోనే వచ్చాయి, చెరువులు నిండుగా ఉండే రోజుల్లో.

గట్టు మీద కొట్టేసిన తుమ్మల మొదళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి. వేళ్ళు కుళ్ళితే అవే రేపటి బొరియలు. వాటికి ఎస్టిమేట్ వేయలేదు. సోమవారం గ్రీవెన్స్‌లో ఆ అర్జీ పెడుతున్నాను.