బొమ్మల చదువు ఎందుకంటే

నరసాపురం వైపు ఏ ఇంట్లోనైనా పిల్లలు ఆర్ట్ కాలేజీలో చేరతామంటే పెద్దవాళ్ల నోట ముందుగా వచ్చే మాట ఒకటుంది. ‘‘బాపు గారు ఏ కాలేజీలో నేర్చుకున్నారమ్మా బొమ్మలు? ఆయన చదివింది లా కదా!’’ నా విషయంలో ఈ మాట మా పెదనాన్న గారు అన్నారు. ఈ మధ్య మా పిన్ని కూతురు ఇంటర్ అయ్యాక బీఎఫ్‌ఏ, అంటే బొమ్మల డిగ్రీ, చేస్తానంటే మళ్లీ అదే మాట, అదే అరుగు మీద. చేతిలో కళ ఉంటే అదే వస్తుంది, దానికి 4 ఏళ్లు డబ్బు పోసి చదవడం దేనికని వాళ్ల బాధ. ఆడపిల్లని దూరం పంపాలనే టెన్షన్ కూడా అందులో ఉంటుంది, పైకి అనరంతే.

పెద్దవాళ్లు అడిగేది న్యాయమైన ప్రశ్నే. బాపు గారు 1933లో మా నరసాపురంలోనే పుట్టారు, లా చదివారు, మనందరి కళ్లకీ బొమ్మ అంటే ఏంటో నేర్పారు. కానీ అలాంటివారు ఎప్పుడో ఒకరు పుడతారు. ఆయన్ని చూపించి మిగతా పిల్లలందరికీ ఈ చదువు అక్కర్లేదని తేల్చేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

అదే గోదావరి గట్టు మీద ఇంకో కథ ఉంది. 1897లో రాజమండ్రిలో పుట్టిన దామెర్ల రామారావు గారిది. చిన్నతనం నుంచే బొమ్మలు బాగా వేసేవారు. అప్పట్లో రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన బొమ్మలు చూసి, ఇంత ప్రతిభ ఉంటే ఇంక చదువెందుకని వదిలెయ్యలేదు. బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపించారు. అక్కడ చదువు పూర్తి చేసుకుని రామారావు గారు బొంబాయిలో ఉండిపోకుండా రాజమండ్రి తిరిగొచ్చి, ఇక్కడి పిల్లలకి నేర్పడం మొదలుపెట్టారు. 1925లో మశూచితో పోయారు. అప్పటికి 28 ఏళ్లు కూడా నిండలేదు. అంత తక్కువ కాలంలో ఆయన వేసిన బొమ్మలు ఇప్పటికీ రాజమండ్రిలో ఆయన పేరు మీదున్న గ్యాలరీలో ఉన్నాయి. ఎప్పుడు వెళ్లినా నేను రంగుల బొమ్మల కన్నా పెన్సిల్ స్కెచ్‌ల దగ్గరే ఎక్కువసేపు నిలబడతాను. ప్రతిభ పుట్టుకతో వచ్చి ఉండొచ్చు. ఆ గీతలో ఉన్న తడబాటు లేనితనం మాత్రం రోజూ కూర్చుని సాధించుకున్నది.

కూల్డ్రే శిష్యుల్లోనే అడివి బాపిరాజు గారూ ఉన్నారు. బొమ్మలు వేశారు, నవలలు రాశారు, సినిమాలకి కళాదర్శకత్వం చేశారు. ఒక చోట నేర్చుకున్న చూపు ఎన్ని పనులకి పనికొస్తుందో చెప్పడానికి నాకు ఆయన పేరే మొదట గుర్తొస్తుంది.

నేను వైజాగ్‌లో బీఎఫ్‌ఏ చదివాను. మొదటి సంవత్సరం అందరికీ ఒకటే కోర్సు, దాన్ని ఫౌండేషన్ అంటారు. పెయింటింగ్ తీసుకోబోయేవాళ్లు, శిల్పం తీసుకోబోయేవాళ్లు, ప్రకటనలు, పుస్తకాల లాంటివాటికి బొమ్మలు వేసే అప్లైడ్ ఆర్ట్ తీసుకోబోయేవాళ్లు అందరూ కలిసి డ్రాయింగ్, రంగులు, డిజైన్, మట్టి పని, ప్రింట్ మేకింగ్, కళా చరిత్ర చేయాలి. పెయింటింగ్ కోసం వచ్చినవాళ్లకి మట్టి పిసకడం ఎందుకో అర్థం కాదు. ‘‘మేడమ్, ఇదంతా తర్వాత పనికొస్తుందా?’’ అని క్లాసులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉండేవారు. నా మటుకు నాకు ఆ 4 ఏళ్లలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఆ మొదటి ఏడాదే. ఎలాగో రెండు సంగతులు చెబుతాను.

ఒకటి ఖాళీల సంగతి. మా అమ్మ లేసు అల్లుతుంది. మా చుట్టుపక్కల ఊళ్లలో మధ్యాహ్నం వంటిల్లు సర్దేశాక ఆడవాళ్లు సూది, దారం ఉండ పట్టుకుని అరుగు మీద కూర్చుంటారు. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ మిషనరీలు నేర్పిన పని ఇది. మా వాళ్ల చేతుల మీదుగా విదేశాలకి వెళ్తుంది. 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. లేసులో పువ్వు కనబడాలంటే పువ్వు అల్లితే సరిపోదు. చుట్టూ ఎన్ని గళ్లు ఖాళీగా వదలాలో ముందే లెక్క పెట్టుకోవాలి. ఒక్క గడి తేడా వచ్చినా రేకు వంకరపోతుంది, అంతా విప్పి మళ్లీ అల్లాలి. ఇది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలుసని మాత్రం నాకు తెలియదు.

ఫౌండేషన్‌లో మా సారు ఒక రోజు స్టూలు మీద కుర్చీని తలకిందులుగా పెట్టారు. ‘‘కుర్చీని గీయొద్దు. కమ్ముల మధ్య కనబడే ఖాళీలని మాత్రమే గీయండి’’ అన్నారు. క్లాసంతా తెల్లమొహం వేసింది. నేను మాత్రం అమ్మ లేసు చూసినట్టే చూశాను. ఒక ఖాళీ పొడుగ్గా, సన్నంగా, పైన కొంచెం వాలి ఉంది. దాని పక్కది ముక్కోణం. వాటిని ఒక్కొక్కటే ఉన్నదున్నట్టు గీసుకుంటూ పోతే చివరికి కాగితం మీద కుర్చీ దానంతట అదే నిలబడింది. మామూలుగా కుర్చీ గీయమంటే మనకి తెలిసిన కుర్చీని గీస్తాం, ఎదురుగా ఉన్నదాన్ని చూడం. ఖాళీకి పేరు లేదు కాబట్టి దాన్ని చూడక తప్పదు.

‘మరి అమ్మకి ముందే తెలిసినదానికి కాలేజీ ఎందుకు’ అని మా పెదనాన్న గారు అడిగే అవకాశం ఉంది. అమ్మకి తెలిసినది లేసులోనే ఉండిపోయింది. ఏజెంటు తెచ్చిచ్చిన నమూనా, దాని లెక్క, అంతవరకే. అదే సూత్రం పోస్టర్లో ఎలా పని చేస్తుందో, రెండు అక్షరాల మధ్య ఎలా పని చేస్తుందో, ఫొటోలో మనిషి పక్కన వదిలిన గోడ ఏం చెబుతుందో నాకు కాలేజీ చూపించింది. ఒక పని నుంచి ఇంకో పనికి తెలివిని మోసుకుపోవడం అక్కడే నేర్చుకున్నాను. అమ్మకి ఆ అవకాశం దొరికి ఉంటే నాకన్నా మంచి డిజైనర్ అయ్యేదని మనస్ఫూర్తిగా నమ్ముతాను.

రెండోది పచ్చరంగు. సంక్రాంతి సెలవులకి ఇంటికొస్తూ ల్యాండ్‌స్కేప్ పని తెచ్చుకున్నాను. ట్యూబులో వచ్చే పచ్చ వాడకూడదని షరతు. పసుపులూ నీలాలూ కలుపుకుని మాత్రమే వేయాలి. గోదావరి జిల్లాలో పుట్టిన పిల్లకి పచ్చదనం గురించి ఒకరు చెప్పాలా అనుకుంటూ కాలవ గట్టు మీద కూర్చున్నాను. అప్పుడు దాళ్వా, అంటే రెండో పంట, ఊడ్పులు జరుగుతున్నాయి. నారుమడి పచ్చ వేరు, దాని పక్కనే ఊడ్చిన చేను పచ్చ వేరు. నారుమడికి లెమన్ ఎల్లోలో ప్రష్యన్ బ్లూ చుక్క వేస్తే చాలు. కొబ్బరాకుకి అది పనికిరాలేదు. ఎల్లో ఓకర్‌లో అల్ట్రామెరీన్ కలిపితే ఆ ముదురు మందకొడి పచ్చ వచ్చింది. కాలవలో గుర్రపుడెక్కకి అందులోనే కాస్త బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు పడాలి. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది అరిటాకు. సూర్యుడికి ఎదురుగా నిలబడి చూస్తే వెలుగు ఆకులోంచి దూరి వచ్చి పసుపు పచ్చగా ఉంది. అటు తిరిగి సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని చూస్తే అదే ఆకు మీద ఆకాశం పడి నీలంగా, దాదాపు వెండిలా ఉంది. ఆకు రంగు ఏదని అడిగితే ఏం చెబుతాం?

ఆ కాగితాలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి, పక్కన రాసుకున్న పాళ్లతో సహా. కంప్యూటర్ తెర మీద ధగధగలాడే పచ్చ ప్రెస్సుకి వెళ్లాక అచ్చులో వాడే నాలుగు రంగుల సీఎంవైకే ఇంకుల్లో అంత మెరుపుగా రాదు. కస్టమర్ కంగారుపడతాడు. ఆ రోజు గట్టు మీద చేసిన పని వల్ల, పక్కన ఏ రంగు పెడితే అదే పచ్చ హుషారుగా కనబడుతుందో నాకు తెలుసు. ఏ సాఫ్ట్‌వేర్ కోర్సులోనూ ఇది నాకు దొరకలేదు.

ఇప్పుడు నేను ప్యాకేజింగ్, పుస్తకాల ముఖచిత్రాలు చేస్తాను. ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఒకావిడ అట్టపెట్టె కావాలని వచ్చారు. ‘‘బొమ్మ అందంగా ఉండాలండీ, హైదరాబాద్ పార్సిల్‌లో రేకు నలగకూడదు’’ అన్నారు. రెండోదే అసలు పని. వేడి కుండ మీద బియ్యప్పిండి జావలో తడిపిన గుడ్డ లాగి తీసే పొర అది, పట్టుకుంటే పొడైపోతుంది. ఫౌండేషన్‌లో జిగురు లేకుండా చార్టు మడతలతోనే బరువు మోయించే ఎక్సర్‌సైజు ఉండేది. పల్చటి కాగితానికి మడతే బలం. అట్ట లోపల విసనకర్ర మడతలా ఒక తొట్టె చేసి, ఒక్కో చుట్టని ఒక్కో మడతలో కూర్చోబెట్టాను.

తర్వాత పేరు. ‘ఆత్రేయపురం’ పైన, ‘పూతరేకులు’ కింద. పైన త్రే కింద ఉన్న ర వత్తు తోక కిందికి వేలాడుతోంది. కింద రే మీదున్న ఏత్వం పైకి లేస్తోంది. రెండూ గుద్దుకుంటున్నాయి. ఇంగ్లీషు అక్షరాలకి అలవాటైన లేఅవుట్లలో తెలుగు పోస్తే ఇదే గోల, ఒత్తులకి ఊపిరాడదు. చాలామంది పంక్తుల మధ్య దూరం పెంచేసి ఊరుకుంటారు, అప్పుడు పేరు రెండు ముక్కలైపోతుంది. నేను ఫాంటు పక్కన పెట్టి పెన్సిల్ తీసుకున్నాను. కింది పంక్తిని కాస్త కుడికి జరిపి, వత్తు తోక వెళ్లి రెండక్షరాల మధ్య సందులో కూర్చునేలా గీశాను. మెత్తటి పలక మీద చెక్కి అచ్చు తీసే లినోకట్ చేసేటప్పుడు అక్షరాలని అద్దంలోలా తిరగేసి చెక్కిన అలవాటు ఇక్కడ ఆదుకుంది. తిరగేసి చూస్తే అక్షరం చదవబడదు, ఆకారం ఒక్కటే కనబడుతుంది.

ఇంకోటి కూడా చెప్పాలి. కాలేజీలో పని పూర్తి కాగానే గోడకి గుచ్చి క్లాసంతా దాని ముందు నిలబడేవాళ్లం. మన ఇళ్లలో బొమ్మ వేస్తే ‘అబ్బ, ఎంత బాగుందో’ అంటారు, నచ్చకపోతే మాట మారుస్తారు. అక్కడ సారు అడిగేది ఒకటే: ‘‘చూడగానే కన్ను ఎక్కడికి పోతోంది? నువ్వు పొమ్మన్న చోటికేనా?’’ మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత తర్వాత బొమ్మ వేరు, నేను వేరు అని ఒంటికి పట్టింది. ఈ రోజు కస్టమర్ ‘ఇది బాలేదండీ’ అంటే, ఏది బాలేదో ఓపిగ్గా రాబట్టుకోగలుగుతున్నాను. ఇంట్లో ఒక్కరే కూర్చుని వీడియోలు చూసి నేర్చుకునే పిల్లలకి చెయ్యి బాగానే తిరుగుతుంది. ఎదురుగా నిలబడి ఇలా అడిగేవాళ్లే ఉండరు.

డబ్బు సంగతి దాచను. నా మొదటి జీతం మా వీధిలో ఇంజినీరింగ్ చదివిన అబ్బాయి జీతంలో సగం కూడా లేదు. నిలదొక్కుకోవడానికి కొన్నేళ్లు పట్టింది. నాతో చదివినవాళ్లలో ఒకమ్మాయి యానిమేషన్ స్టూడియోలో బ్యాక్‌గ్రౌండ్లు వేస్తోంది. ఒకబ్బాయి బట్టల ప్రింట్లు డిజైన్ చేస్తున్నాడు. ఒకరు బళ్లో డ్రాయింగ్ మాస్టారు. ఇంకొకతను కొత్తపేటలో విగ్రహాలు చేసే శిల్పశాలలో మట్టి నమూనాలు చేస్తున్నాడు. అచ్చంగా పెయింటింగులు అమ్ముకుని బతికేవాళ్లు తక్కువ. కాలేజీలు నేర్పాల్సి ఉండి నేర్పనిది కూడా ఉంది. కొటేషన్ ఎలా ఇవ్వాలి, బిల్లు ఎలా రాయాలి, బొమ్మ మీద హక్కు ఎవరిది, అడ్వాన్సు ఎందుకు తీసుకోవాలి. ఇవేవీ తెలియకుండా పిల్లల్ని బయటికి పంపడం తప్పని గట్టిగా అంటాను. 4 ఏళ్లలో ఒక్క పేపరు దీనికి కేటాయిస్తే ఏం పోతుంది?

మా పిన్ని కూతురికి నేను చెప్పినవి ఇవి. ఆంధ్రప్రదేశ్‌లో బీఎఫ్‌ఏ సీట్లకి ఏడీసెట్ అనే ఎంట్రన్స్ రాయాలి. హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూకైతే దాని ఎంట్రన్స్ వేరు. నోటిఫికేషన్లు చూసుకుంటూ ఉండు. ప్రభుత్వం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు వీలైతే రాసి పెట్టుకో, డ్రాయింగ్ టీచర్ దారి కూడా తెరిచి ఉంటుంది. ఫోన్లో హీరోల ఫొటోలు చూసి షేడింగ్ వేయడం కొన్నాళ్లు ఆపు. ఫొటో అప్పటికే చదును చేసేసిన బొమ్మ, నువ్వు చూడాల్సిన సగం పని కెమెరా చేసేసి ఉంటుంది. వంటింట్లో ఇత్తడి బిందె, స్టీలు గ్లాసు, మడత పెట్టిన తువ్వాలు కిటికీ పక్కన పెట్టుకుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గీయి. బిందె మూతి గుండ్రం పైనుంచి ఎంత విచ్చుకుని కనబడుతోంది, అడుగు గుండ్రం ఇంకెంత విచ్చుకుంటోంది, అది పట్టుకో. సంతలో, బస్టాండులో, రేవు దగ్గర చిన్న పుస్తకం పట్టుకుని కూర్చుని కదిలే మనుషుల్ని గీయి. మేము వైజాగ్‌లో పూర్ణా మార్కెట్లో, ఫిషింగ్ హార్బర్లో అలాగే కూర్చునేవాళ్లం. ఎవరైనా వచ్చి తొంగి చూస్తే చూడనీ.

దసరా సెలవుల్లో నేను ఊళ్లోనే ఉంటాను. పాలకొల్లు, నరసాపురం, భీమవరం వైపు ఎంట్రన్స్‌కి తయారయ్యే పిల్లలెవరైనా ఉంటే గీసినవన్నీ పట్టుకుని రండి, బాగా రానివి కూడా. అమ్మానాన్నలని కూడా తీసుకురండి. వాళ్ల ప్రశ్నలకి మా అమ్మ, నేను కలిసి జవాబు చెబుతాం.