ఎడమ ఎలివేటర్ ట్రిమ్: ఇవాళ్టి పని

శనివారం, రాత్రి

ఇవాళ పొద్దుటి నుంచీ, గరాజ్‌లో కట్టుకుంటున్న చిన్న విమానం ఆర్‌వీ-7 ఎడమ ఎలివేటర్ (తోక దగ్గర పైకీ కిందికీ తిరిగి విమానం ముక్కుని లేపే, దించే పలక) మీదే పని. దాని వెనక అంచున ఉండే చిన్న పలకే ట్రిమ్ ట్యాబ్; పైలట్ స్టిక్‌ని పట్టి ఉంచకుండానే ఎలివేటర్‌ని కావలసిన చోట నిలుపుతుంది. ఆ ట్యాబ్‌ని రాడ్‌తో కదిపే రే అలెన్ కంపెనీ సర్వో (చిన్న మోటారు పెట్టె) అరచేతిలో పట్టేంతే, వైర్లు ఐదే. అయినా దీనికి తొందర పనికిరాదు.

రెండు తెల్ల వైర్లు మోటారువి. వాటికి ప్లస్, మైనస్ తేడా లేదు. కరెంటు తిరగేస్తే రాడ్ ఎదురు దిక్కుకి నడుస్తుంది. తెలుపు మీద నారింజ, నీలం, ఆకుపచ్చ చారలున్న మూడూ పొజిషన్ సెన్సార్‌వి: నారింజకు 5 వోల్టులు, నీలం గ్రౌండు, ఆకుపచ్చ సిగ్నల్. అన్నీ 26 గేజి, వెంట్రుకల్లాంటి తీగలు. ఇన్సులేషన్ తీసేటప్పుడు రెండు పోగులు తెగినా కనెక్టర్ పిన్ను పట్టు సరిగా ఉండదు. పోగుల్ని వెనక్కి మడిచి రెండింతలు చేసి పిన్నులో నొక్కితే లాగినా రాదు. ఎలివేటర్ ఎప్పుడైనా విప్పాల్సిందే కాబట్టి మధ్యలో కనెక్టర్ పెట్టాలి. వైరు స్పార్ (లోపలి అడ్డదూలం) దాటే చోట గ్రోమెట్ (కన్నం అంచుకి వేసే రబ్బరు వలయం), కీలు దగ్గర కాస్త వదులు. ఎలివేటర్‌ని చివరి నుంచి చివరికి తిప్పి ఆ వదులు బిగుసుకోవడం లేదనీ, ఎక్కడా ఇరుక్కోవడం లేదనీ కళ్లారా చూడాలి.

ఎక్కువమంది పొరబడేది దిశ దగ్గరే. స్టిక్ (పైలట్ చేతి కర్ర) మీది ట్రిమ్ స్విచ్ ముందుకు నొక్కితే ముక్కు దిగాలి. అందుకు ట్యాబ్ వెనక అంచు పైకి లేవాలి, కిందికి కాదు! లేచిన ట్యాబ్‌ని గాలి కిందికి తోస్తుంది, ఆ తోపుతో ఎలివేటర్ దిగుతుంది, తోక లేస్తుంది. గరాజ్‌లో గాలి ఉండదు, ట్యాబ్ ఒక్కటే కదులుతుంది, అందుకే కన్ను మోసపోతుంది. ఒకరు స్విచ్ నొక్కుతూ గట్టిగా "ముక్కు కిందికి" అనాలి, రెండో మనిషి తోక దగ్గర నిలబడి ట్యాబ్ ఎటు కదిలిందో చెప్పాలి. తప్పయితే తెల్ల వైర్లు రెండూ మార్చాలి. మోటారు సరిగ్గా నడుస్తూ, పైలట్‌కి ట్యాబ్ స్థితి చూపే సూచిక తిరగబడితే నారింజ, నీలం మార్చాలి. ఆకుపచ్చ జోలికి పోకూడదు.

తర్వాత పుష్‌రాడ్, అంటే సర్వోని ట్యాబ్‌కి కలిపే కడ్డీ. సర్వోని సగంలో ఆపి, ట్యాబ్ ఎలివేటర్‌తో సమంగా నిలిచేలా క్లెవిస్ (కడ్డీ చివర పిన్నుతో బిగించే U ఆకారపు ముక్క) తిప్పి, లాక్‌నట్ బిగించాలి. రెండు చివర్లలో కోణం కొలిచి డ్రాయింగ్‌తో సరిపోల్చాలి. సర్వో తన లోపలి లిమిట్ దగ్గరే ఆగాలి. అంతకుముందే రాడ్, తను బయటికొచ్చే కన్నం అంచుకి తగిలితే ఆ భారమంతా గేర్ల మీద పడుతుంది. ఇవాళ కింది చివర్లో సన్నటి గీరు కనిపించింది. కన్నాన్ని కొద్దిగా ఆకురాయితో పొడిగించాక పోయింది.

ట్యాబ్ వెనక అంచుని రెండు వేళ్లతో పట్టి ఊపితే క్లెవిస్ పిన్ను దగ్గర "టిక్" మనకూడదు. ఆ కొంచెం లూజే వేగం పెరిగినప్పుడు ఫ్లటర్ (గాలికి పలక అదుపు తప్పి అదరడం) తెస్తుంది. ఎలక్ట్రికల్ వైపు 1 ఆంపియర్ ఫ్యూజ్, చెయ్యి వెంటనే అందే చోట కట్-ఆఫ్ స్విచ్. రిలే (మోటారుకి కరెంటు కలిపే, తెంచే స్విచ్) అతుక్కుపోయి ట్రిమ్ ఆగకుండా పరుగెడితే వెతుక్కునే వ్యవధి ఉండదు. మోటారు వేగం తగ్గించే కంట్రోలర్ కూడా పెట్టడమే మంచిది, క్రూజ్‌లో (నిలకడగా వేగంగా ఎగిరేటప్పుడు) చిన్న నొక్కుకే ట్యాబ్ అవసరానికి మించి పోతుంది.

సూచికలో రెండు చివర్లూ నమోదయ్యాయి. టేకాఫ్ గీత మాత్రం ఇప్పుడే పెట్టడం లేదు. అది టెస్ట్ ఫ్లైట్లలో, బరువు ఎక్కడుందో చూసుకుని గీయాల్సింది.