మూడోసారికి గట్టెక్కాను

నిన్న సాయంత్రం నాలుగున్నరకి మెయిల్ వచ్చింది. క్లయింటుతో నేరుగా మాట్లాడే ఉద్యోగానికి నన్ను తీసుకున్నారు. మొదటి రెండుసార్లూ "కమ్యూనికేషన్ సరిపోదు" అని ఒక్క ముక్క రాసి వెనక్కి పంపారు. ఆ మంట ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

మాది పలాస దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. హైదరాబాదులో ఐదేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను, పని నాకు బాగా వచ్చు. టెక్నికల్ రౌండ్ మూడుసార్లూ ఒక్క పూటలో అయిపోయింది. దాని గురించి చెప్పడానికేం లేదు.

మొదటిసారి పోయాక ఆఫీసులో మూడు వారాల శిక్షణ పెట్టారు. బయటినుంచి ఒక ట్రైనర్ వచ్చాడు. మొదటి రోజు నా గురించి నేను చెప్పుకుంటుంటే మధ్యలో ఆపి, బోర్డు మీద బస్సు, రోడ్డు, కోడు అని రాశాడు. "ఈవిడ ప్రతి మాటకీ తోక తగిలిస్తోంది, గమనించారా?" అన్నాడు. ఇరవై మంది నవ్వారు. కూర్చోమని అనలేదు. నిలబెట్టి అదే వాక్యం నాలుగుసార్లు చెప్పించాడు. ఆ మధ్యాహ్నం బాక్సు మూత తియ్యలేదు. తర్వాత పది రోజులు క్లాసులో నోరు విప్పలేదు.

ఆయనకి ఇప్పుడు చెబుతున్నాను. తెలుగు అజంత భాష. మాట అచ్చుతో ముగుస్తుంది. బస్ మన నోట్లో బస్సు అయిందంటే మన భాష దాన్ని సొంతం చేసుకుందని అర్థం. ఇటాలియన్‌లోనూ మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి, అది వాళ్లకి తప్పు కాలేదు. నేర్పడానికి వచ్చినవాడు నేర్పాలి. పదిమందిలో మనిషిని నిలబెట్టి నవ్వించేవాడు ఎంత ఇంగ్లీషు వచ్చినా గురువు కాడు.

పైగా ఆయన పట్టుకున్నది నా అసలు లోపమే కాదు. అది రెండోసారి మాక్ కాల్‌లో, అంటే క్లయింటుతో మాట్లాడుతున్నట్టు పెట్టే పరీక్షలో, బయటపడింది. అవతల అమెరికా క్లయింటులా ఒకాయన మాట్లాడుతున్నాడు. ఆయన చెప్పే ప్రతి మాటకీ నేను "యెస్, యెస్" అన్నాను. వింటున్నానండీ అని నా ఉద్దేశం. ఒప్పుకున్నానని ఆయన రాసుకున్నాడు. "ఐ హావ్ ఎ డౌట్" అన్నాను. మనకి అది చిన్న ప్రశ్న. ఆయనకి అపనమ్మకంలా వినిపించింది. శుక్రవారానికి రిలీజ్ అవుతుందా అని అడిగితే సోమవారం సర్వర్ ఆగిపోయిన దగ్గర్నుంచి మొదలుపెట్టాను. రెండు నిమిషాల తర్వాత ఆయన అడ్డం వచ్చి, "ఇంతకీ అవుతుందా, అవదా?" అన్నాడు. నాకు మాట రాలేదు.

వేరే టీములో కాకినాడ అక్క ఒకావిడ ఉంది. ఆవిడ దగ్గరికి వెళ్లి ఏడ్చాను. నా పాత మెయిళ్లు తెరిపించి, "నువ్వు చెప్పాలనుకున్నది ఎన్నో వాక్యంలో ఉందో లెక్కపెట్టమ్మా" అంది. తొమ్మిదోది. చివర్లో "డూ ద నీడ్‌ఫుల్", అంటే చెయ్యాల్సింది చెయ్యండి అని. ఆ నీడ్‌ఫుల్ ఏమిటో, ఎప్పటికి కావాలో ఎక్కడా లేదు.

ఎందుకిలా రాస్తానని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. మా తాతయ్య పోయినప్పుడు నాన్న ఫోన్ చేసి, "సీరియస్‌గా ఉందమ్మా, బయల్దేరు" అన్నారు. అప్పటికే అంతా అయిపోయింది. దారిలో నేనొక్కదాన్నే ఏమైపోతానోనని అలా చెప్పారు. చెడ్డ కబురు మెల్లగా చెప్పడం మా ఇంట్లో ప్రేమ. నేను క్లయింటుకి కూడా అలాగే చెబుతున్నాను, ఆయనేమో తేదీ కోసం చూస్తున్నాడు.

అక్క నాచేత రోజుకో మెయిల్ తిరగరాయించింది. "శుక్రవారం రిలీజ్ కుదరదు. పేమెంట్ పేజీలో రెండు బగ్‌లు మిగిలాయి. మంగళవారం ఇస్తాం. కొత్త తేదీకి మీ సమ్మతి గురువారం ఉదయం పదిలోపు, మీ టైము ప్రకారం, కావాలి." అంతే. ఎవరి టైమో తప్పకుండా రాయండి. న్యూయార్కుకీ మనకీ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు తేడా, చలికాలంలో పదిన్నర. మార్చిలో, నవంబరులో వాళ్లు గడియారం మార్చినప్పుడు నేనొకసారి కాల్ పోగొట్టుకున్నాను.

మాట్లాడటానికి శనివారాలు టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుకి వెళ్లాను. నలుగురిలో మాట్లాడటం అలవాటు చేసే సంస్థ అది, 1924లో కాలిఫోర్నియాలో మొదలైంది. అక్కడ అప్పటికప్పుడు ఒక విషయం ఇచ్చి రెండు నిమిషాల్లో మాట్లాడమంటారు. "అ..." "ఆ..." అని ఎన్నిసార్లు సాగదీశామో లెక్కపెట్టడానికే ఒక మనిషి ఉంటాడు. మొదటిసారి నావి పదిహేడు. చీటీ మీద రాసి చేతికిచ్చారు, ఎవరూ నవ్వలేదు. అమీర్‌పేటలో ఎనిమిది వేలు కట్టి నలభై ఐదు రోజులు గ్రామర్ చెప్పించుకున్నదానికన్నా ఆ చీటీ నాకు ఎక్కువ పనికొచ్చింది. డబ్బు కట్టేముందు క్లాసులో మిమ్మల్ని ఎన్ని నిమిషాలు మాట్లాడనిస్తారో అడగండి.

మూడోసారి కూడా మాక్ కాల్‌లో అదే ప్రశ్న వచ్చింది. "అవదు, మంగళవారం ఇస్తాం" అన్నాను. అవతల నిశ్శబ్దం. ఇదివరకైతే ఆ ఖాళీలో క్షమాపణలు కురిపించేదాన్ని. ఈసారి ఆగాను. "కారణం చెప్పు" అన్నాడు. రెండు వాక్యాల్లో చెప్పాను. "సరే, మంగళవారం" అన్నాడు.

నా మాటల చివర ఉకారాలు ఎక్కడికీ పోలేదు. నిన్నటి మెయిల్లో వాటి ఊసే లేదు. సోమవారం రాత్రి ఏడున్నరకి మొదటి కాల్, అక్కడ అప్పుడు పొద్దున పది. మొదటి వాక్యం రాసి పెట్టుకున్నాను.