మూడు మీటర్ల పైన

దుబాయ్‌లో నేనేం పని చేస్తానో మా అమ్మకి అర్థమయ్యేలా చెప్పడానికి రెండేళ్లు పట్టింది. పెళ్లిళ్లకీ కార్యక్రమాలకీ లేజర్ లైట్లు కడతాను. లైట్లు కడతానంటే తనకి తణుకులో శ్రీరామనవమి పందిళ్లు గుర్తొస్తాయి. అందులో తప్పేం లేదు, నేను మొదలుపెట్టింది అక్కడే. ఇంటర్ తప్పాక లైటింగ్ షాపులో చేరి, వెదురు బొంగులకి సీరియల్ సెట్లు చుట్టడం, జాతరకి ముందు రోజు రాత్రి ఏ బల్బు దగ్గర లైను తెగిందో వెతుక్కుంటూ తెల్లారేదాకా నిచ్చెన మీదే ఉండటం నేర్చుకున్నాను. ఇప్పటికీ ఎవరైనా కేబుల్ ప్లగ్గు వదులుగా పెడితే నాకు ముందే తెలిసిపోతుంది. ఆ విద్య అక్కడిదే.

ఇక్కడికి హెల్పర్‌గా వచ్చాను. అల్ కూజ్‌లో గోడౌన్, ఆ పక్కనే మేముండే క్యాంపు. మొదటి ఏడాదంతా లారీలోంచి పెట్టెలు దించడం, ఎక్కించడం, కేబుళ్లు చుట్టడం. కేబుల్ చుట్టడం కూడా ఒక పద్ధతే. ఒక చుట్టు పైనుంచి, ఒకటి కిందనుంచి వేయాలి, లేకపోతే మెలికపడి లోపల తీగ తెగుతుంది. సీజన్ అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా. ఎండాకాలంలో బయట పని తక్కువ. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకూ మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటిదాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడ చట్టం. మా పని ఎలాగూ రాత్రిపూటే. హాలు అర్ధరాత్రి చేతికొస్తుంది, మర్నాడు సాయంత్రానికి అంతా రెడీ కావాలి.

లేజర్ నేర్పింది త్రిశూర్ నుంచి వచ్చిన ఒకాయన. అందరూ చేట్టా అంటాం, మలయాళంలో అన్నా అని. ఆయన నాతో హిందీలో మొదలుపెట్టి కోపమొస్తే మలయాళంలోకి వెళ్లిపోతాడు. మొదటిరోజు నాతో చేయించిన పని ఒక్కటే: "మోనే, ముందు పొగ పెట్టు." హేజ్ మెషీన్ ఆన్ చేశాను. అప్పటిదాకా ఎదురుగోడ మీద చిన్న పచ్చచుక్క తప్ప ఏమీ లేదు. పొగ పల్చగా పరుచుకున్నాక గాల్లో గీత లేచింది. మా అమ్మమ్మ వాళ్ల వంటింట్లో తాటాకు కప్పు కన్నంలోంచి దూరే ఎండచారలో దుమ్ము ఆడేది చూశారా, సరిగ్గా అదే. అందుకే లేజర్ పెట్టె విప్పకముందే హాలువాళ్ల దగ్గరికెళ్లి పొగ అలారాల సంగతి తేల్చుకోవాలి. వాళ్లే ప్యానెల్‌లో ఆపి, మనిషిని కాపలా పెడతారు. మర్చిపోయామా, పెళ్లికొడుకు దిగేలోపు ఫైరింజన్ దిగుతుంది.

పెట్టె లోపల ఎరుపు, పచ్చ, నీలం మూడు కాంతులు కలిసి ఒకే గీతగా వచ్చి, గోరంత అద్దాలు రెండింటి మీద పడతాయి. ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా కదులుతుంది. వాటిని గాల్వోలంటాం. పెట్టె వివరాల్లో 30 కె అని రాసి ఉంటే సెకనుకి 30 వేల చుక్కలు పెట్టగలదని అర్థం, అదీ బొమ్మ చిన్నదిగా ఉన్నప్పుడు. బొమ్మ పెద్దది చేసి అదే వేగంతో తోలితే అద్దాలు సన్నగా ఈలేస్తాయి. ఆ ఈల వింటే చేట్టా భోంచేస్తున్నా లేచొస్తాడు.

ఇక భయం సంగతి. మామూలు లేజర్ పాయింటర్ 5 మిల్లీవాట్లలోపు. అర వాటు దాటితే క్లాస్ 4, అంటే కంటికీ చర్మానికీ కూడా ప్రమాదం. మేం కట్టేవి 10 వాట్లవీ 20 వాట్లవీ. రెప్ప వేసేలోపే కన్ను పోతుంది. అందుకే జనం నిలబడే నేల నుంచి 3 మీటర్ల పైన, పక్కలకి రెండున్నర మీటర్ల దూరంలోనే కిరణం ఉండాలి. అమెరికాలో ఇదే నిబంధన. మేమూ ఇదే పట్టుకుంటాం. బాల్కనీ ఉంటే కొలత బాల్కనీ నేల నుంచి. సాఫ్ట్‌వేర్‌లో జోన్ గీసి, దాని కింద కిరణం రాకుండా ఆపుతాం. కంప్యూటర్‌ని నమ్మలేం కాబట్టి పెట్టె మూతి ముందు ఇనుప రేకు కూడా బిగిస్తాం. పెట్టెలు తగిలించే చట్రాన్ని ట్రస్ అంటాం. గొలుసు మోటార్లతో ట్రస్ పైకి లాగాక అది కొద్దిగా ఊగుతుంది, వంగుతుంది కూడా. కాబట్టి కింద కొలిచింది పైన చెల్లదు. పవర్ బాగా తగ్గించి మళ్లీ చూసుకోవాలి. లేజర్‌ని ఒక్క దెబ్బకి ఆపే ఎర్రబటన్ నా చెయ్యి అందేచోటే ఉండాలి. కన్సోల్ మీద కాఫీ కప్పుకి చోటు లేకపోయినా దానికి ఉండాలి.

2008లో మాస్కో దగ్గర ఆరుబయట పెట్టిన ఒక డాన్స్ పార్టీలో వాన వచ్చిందని టెంట్లు కట్టారు. ఆకాశంలోకి వెళ్లాల్సిన లేజర్లు జనం మీదికొచ్చాయి. దాదాపు 30 మందికి చూపు దెబ్బతింది. చేట్టా ఇది ప్రతి కొత్తవాడికీ చెప్తాడు. ఇప్పుడు నేనూ చెప్తున్నాను. మహారాష్ట్రలో గణేశుడి ఊరేగింపుల్లో కళ్లు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు వచ్చినప్పుడు మా ఊరి లైటింగ్ షాపుకి ఫోన్ చేశాను. "లేజర్లు కొన్నాం తమ్ముడూ, చాలా చీప్‌గా దొరుకుతున్నాయి" అన్నాడు అన్న. ఎక్కడ కడుతున్నావంటే ట్రాక్టర్ మీద అన్నాడు. అరగంట తిట్టాను.

తిట్టే అర్హత నాకుందా అంటే, పూర్తిగా లేదు. ఒక హోటల్‌లో గుజరాతీ వాళ్ల పెళ్లి. బాల్‌రూమ్ కొలిచాను, జోన్లు గీశాను, రేకులు బిగించాను. మధ్యాహ్నం రిహార్సల్ శుభ్రంగా అయింది. ఆరింటికి వీడియోవాళ్లు జిబ్ తెచ్చారు. కెమెరాని పొడవాటి కడ్డీ చివర కట్టి గాల్లో తిప్పే క్రేన్ అది. చూశాను, పక్కనుంచే నడిచెళ్లాను. తట్టలేదు. పెళ్లికూతురు వస్తుంటే ఫ్యాన్ విప్పాను, విసనకర్రలా పరుచుకునే కిరణాలు, పచ్చటి రెక్కలు హాలంతా. జిబ్ నెమ్మదిగా పైకి లేచి నాలుగు మీటర్ల దగ్గర ఆగింది. మనుషులెవరూ ఉండరని నేను ఖాళీ ఉంచిన చోటే అది. ఎల్‌ఈడీ తెర మీద లైవ్ వస్తోంది కదా, పెళ్లికూతురి మొహం మీద నిలువుగా గులాబీరంగు గీత పడింది. లేజర్ ఆపినా గీత పోలేదు. కెమెరా సెన్సర్ కాలిపోయింది. కెమెరామన్ పంజాబీ కుర్రాడు, నన్నేమీ అనలేదు, లెన్స్ తీసి లోపలికి ఊదాడు. దుమ్మనుకున్నాడు పాపం. కంపెనీ ఆరు నెలలపాటు నా జీతంలో కోత పెట్టింది. జిబ్ వస్తోందని మాకు ముందు చెప్పనివాళ్లకి ఏమీ కాలేదు. ఆ లెక్క నాకింకా మింగుడు పడదు. కానీ చూసింది నేను, కదా. ఇప్పుడు ఎక్కడికెళ్లినా మొదట అడిగేది, మీ దగ్గర జిబ్ ఉందా, డ్రోన్ ఉందా అని.

ప్రోగ్రామింగ్ అంటే అందరూ ఏదో మ్యాజిక్ అనుకుంటారు. బ్యాండు పాట ముందే రికార్డై టైమ్‌కోడ్ వస్తే, అంటే పాటలో ఏ క్షణంలో ఉన్నామో చెప్పే గడియారం లాంటిది, దానికి అతికించుకుంటూ పోవడమే. నాలుగు నిమిషాల పాటకి రాత్రంతా పడుతుంది. పెళ్లిళ్లలో టైమ్‌కోడ్ ఎక్కడిది? టన్నెల్, లిక్విడ్ స్కై, ఫ్యాన్, ఇలా కిరణాలతో వేసే ఆకారాలన్నీ బటన్ల మీద పెట్టుకుని ఢోలు ఎప్పుడు ఆగుతుందోనని చెవులు రిక్కించుకుని కూర్చోవాలి. నాకైతే ఇదే ఇష్టం. ఊళ్లో డప్పు వినే పెరిగాం కాబట్టి దెబ్బ ఎక్కడ పడుతుందో వేలికి తెలుస్తుంది.

పోయినేడు ఇక్కడి తెలుగువాళ్ల ఉగాది కార్యక్రమానికి నన్ను అడిగారు. తెర మీద లేజర్‌తో "ఉగాది శుభాకాంక్షలు" రాయాలట. సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఫాంటు పెడితే వత్తులు ఊడి పక్కన పడ్డాయి, క్ష కాస్తా ముక్కలైంది. పైగా ఫాంటంటే అక్షరం అంచు చుట్టూ రెండు గీతలు. మనకి కావాల్సింది పలక మీద బలపంతో రాసినట్టు ఒక్క గీత. సరే అని రాత్రి క్యాంపులో కూర్చుని మౌస్‌తో దిద్దాను, ఒకటో తరగతిలో దిద్దినట్టే. ఒకటి అర్థమైంది. ఇంగ్లీషు అక్షరాలకి మూలలెక్కువ. మూల దగ్గర అద్దం ఆగి తిరగాలి కాబట్టి అక్కడ చుక్కలు గుట్టగా పోయాలి. మన అక్షరాలు గుండ్రం. అద్దం ఊయలలా సాగిపోతుంది. ఉ దిద్దినప్పుడు గాల్వో చప్పుడే చేయలేదు. తంటా అంతా వత్తులతో, సున్నతో. కలం ఎత్తిన ప్రతిచోటా కాంతి ఆర్పి, అద్దాన్ని దూకించి, మళ్లీ వెలిగించాలి.

"ఉగాది" 700 చుక్కలకి సరిపోయింది, సెకనుకి నలభై సార్లకి పైగా తిరిగి రాస్తుంది, కంటికి కదలదు. "శుభాకాంక్షలు" 1,900 దాటింది. సెకనుకి పదహారుసార్లు కూడా రాదు, దీపం రెపరెపలాడినట్టు ఉంది. కార్యదర్శిగారికి ఫోన్ చేసి ఉగాది ఒక్కటే ఉంచుదామా అన్నాను. "శుభాకాంక్షలు లేకపోతే ఏం బాగుంటుందండీ, కరపత్రంలో కూడా వేశాం" అన్నారు. చివరికి ఉన్న రెండు పెట్టెలకీ పంచాను. ఒకదానికి "శుభా", రెండోదానికి "కాంక్షలు". రెండింటి కింద గీత ఒకే ఎత్తుకి తేవడానికి గంటన్నర పట్టింది. క్ష కొంచెం వణికింది, ఎవరూ గమనించలేదు.

ఆ సాయంత్రం అమ్మకి వీడియో కాల్ చేసి ఫోన్ తెరవైపు తిప్పాను. హాల్లో చప్పట్లు మోగుతున్నాయి. లేజర్ బొమ్మ ఒక్కో చుక్కగా పరిగెడుతుంటుంది కదా, ఫోన్ కెమెరాకి ఏ క్షణానికి ఆ ముక్కే దొరుకుతుంది. నేనది మర్చిపోయాను.

"ఉ కనబడుతోంది నాన్నా" అంది అమ్మ. "గా సగమే ఉంది. మిగతా లైట్లు ఇంకా కట్టలేదా?"